గాజు పలక మీద చుక్కలు

1986 మార్చి, తెల్లవారి నాలుగు గంటలు. మా నాయన పెండ్లిళ్లకు వాడే యాషికా కెమెరాను స్టాండుకు బిగించి చెరువు కట్ట మీద నిలబెట్టాను. నాకప్పుడు పదిహేడేళ్లు. మా ఊరు బంగారుపాళ్యం ఇంకా నిద్ర లేవలేదు. ఆగ్నేయంలో హేలీ తోకచుక్క, దూది పింజను వేలితో చెదిపినట్టు కనిపిస్తోంది. షట్టరును ‘బి’ మీద పెట్టి, కేబుల్ నొక్కి పట్టుకుని అరవై లెక్కపెట్టాను. కెమెరాలో ఉన్నది ఊటీలో తయారైన ‘ఇందు’ ఫిల్ము. చంద్రుడి పేరున్న ఫిల్ము మీద తోకచుక్కను పట్టాలన్నది నా ఆశ.

ఆ రాత్రే ఎర్ర బల్బు కింద ప్రింటు వేశాను. డెవలపర్ తట్టలో కాగితం మెల్లగా నల్లబడింది. నల్లబడని చోట సన్నని గీతలు మిగిలాయి, వాటి మధ్య ఒక తెల్లటి మసక. “స్టాండు కదిలిచ్చినావురా” అన్నాడు మా నాయన. మర్నాడు ఆ ఫోటోను బడికి తీసుకుపోయి మా సైన్సు అయ్యవారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “స్టాండు కదల్లేదు నాయనా, భూమి కదిలింది. నువ్వు అరవై లెక్కపెట్టే లోపల అది తిరిగిన మేరకే ఈ గీతలు పడినాయి” అన్నారు. గంటకు పదిహేను డిగ్రీల చొప్పున భూమి తిరుగుతుందని పుస్తకంలో చదివి పరీక్ష రాసినవాణ్ణే. ఆ తిరగడం నా చేతిలోని కాగితం మీద పడి ఉండడం మాత్రం ఆ రోజే చూశాను.

నలభై ఏళ్లుగా ఫోటో స్టూడియో నా బతుకుతెరువు, ఆకాశం నా అభిరుచి. తెలుగు నేల మీద ఆకాశాన్ని ఫోటో తీయడం ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ పోతే నాకు గుంటూరు దొరికింది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని దారి దక్కనును దాటి మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి దిగింది. ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ వచ్చి గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట దిగాడు. ఆంగ్లేయుల తరఫున మేజర్ టెనెంట్ కూడా ఫోటో సరంజామాతో గుంటూరుకే వచ్చాడు. జాన్సెన్ వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున లేచే మంటలను చూశాడు. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని అతనికి అక్కడికక్కడే తట్టింది. మర్నాడు చూసి చూపించాడు. ఆ గ్రహణంలో నమోదైన పసుపు గీత కథే తర్వాత హీలియం అనే మూలకం దాకా నడిచింది.

నా మనసు మాత్రం టెనెంట్ మనుషుల దగ్గర ఆగిపోతుంది. అది తడి ప్లేటు కాలం. గాజు పలక మీద కొలోడియన్ పోసి అన్ని వైపులకూ సమంగా పరచాలి, చీకట్లో వెండి ద్రావణంలో ముంచాలి, తడి ఆరకముందే ఫోటో తీయాలి, ఆరకముందే కడగాలి. శ్రావణ మాసపు ఉక్కలో, పలచటి మేఘం కమ్మిన ఆకాశం కింద, ఐదు నిమిషాల చిల్లర చీకట్లో వాళ్లు ఆరు ప్లేట్లు తీశారు. డార్క్ రూములో ఒక్క ఏప్రిల్ గడిపినవాళ్లకు ఆ పని ఎంతటిదో తెలుస్తుంది.

రెండో అంకం హైదరాబాదుది. నిజాం కొలువులోని నవాబు జాఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దుర్భిణి తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో నిజామియా వేధశాలకు పునాది వేశాడు. ఆయన పోయాక 1908లో అది సర్కారు చేతికి వచ్చింది, తర్వాత బేగంపేటకు చేరింది. అంతకుముందే, 1887లో, పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక పెద్ద సంకల్పం చేసుకున్నారు: ఆకాశాన్నంతా వాటాలుగా పంచుకుని, ఒక్కో వేధశాల తన వాటాను గాజు ప్లేట్ల మీద ఫోటో తీయాలి, ప్రతి చుక్క స్థానాన్నీ కొలవాలి. దక్షిణ అమెరికాలోని శాంటియాగో చేయలేక వదిలేసిన వాటా, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ, హైదరాబాదుకు వచ్చింది.

ఒక్కో ప్లేటులో పట్టేది రెండు డిగ్రీల ఆకాశం, అంటే నాలుగు పున్నమి చందమామలను పక్కపక్కన పేర్చినంత వెడల్పు. అలాంటి ప్లేట్లు వందల కొద్దీ తీశారు. కంప్యూటరు లేని రోజుల్లో ఒక్కొక్క చుక్కనూ కంటితో చూసి, కొలిచి, అంకె రాసుకుంటూ లక్షల నక్షత్రాల పట్టికను అచ్చువేశారు. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ శాస్త్రి అనే అధిపతుల పేర్లు మిగిలాయి. కంటికి అద్దం ఆనించుకుని అంకెలు రాసినవాళ్లలో చాలామంది పేర్లు మనకు మిగల్లేదు. వాళ్లు కొలిచిన చుక్కలు మాత్రం పట్టికలో ఉన్నాయి.

ఆ వేధశాలలో పనిచేసినవారిలో కేరళ నుంచి వచ్చిన బాప్పు ఒకరు. ఆయన కొడుకు వేణు బాప్పు 1927లో పుట్టాడు, దుర్భిణుల నడుమ హైదరాబాదులో పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. పై చదువుకు హార్వర్డుకు వెళ్లి, 1949లో తాను తీసిన ఫోటో ప్లేటు మీద ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. దానికి బాప్పు–బోక్–న్యూకిర్క్ అని పేరు పెట్టారు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి అయ్యాక, రాత్రి ఆకాశానికి మంచి చోటు కావాలని దక్షిణాదిలో కొండలు వెతికించాడు. చివరికి ఎంచుకున్నది జవ్వాది కొండల్లోని కావలూరు.

మ్యాపు మీద స్కేలు పెట్టి చూడండి. బంగారుపాళ్యం నుంచి దాదాపు నేరుగా దక్షిణానికి, సుమారు 70 కిలోమీటర్లు. వేణు బాప్పు ఎంచుకున్న ఆకాశమూ మా మామిడి తోపుల మీది ఆకాశమూ ఒక్కటే. మబ్బులేని రాత్రులు, చుట్టూ అడవి, చీకటి, భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల దక్షిణపు చుక్కలు కూడా పైకి లేవడం అక్కడి బలాలు. 1968లో 38 సెంటీమీటర్ల దుర్భిణితో పని మొదలైంది. 1972లో మీటరు దుర్భిణి వచ్చింది, అదే ఏడు గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్ చుట్టూ పలచటి వాయుపొర ఉందన్న ఆధారం పట్టింది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డుపోయినప్పుడు ఆ నక్షత్రం ముందే మిణుకుమిణుకుమంది. యురేనస్‌కు వలయాలున్నాయని లోకానికి చెప్పిన ఆ రాత్రి పరిశీలనల్లో కావలూరుదీ ఒకటి. 93 అంగుళాల పెద్ద దుర్భిణిని మన దేశంలోనే తయారుచేశారు. అది పూర్తికాకుండానే 1982లో బాప్పు కన్నుమూశారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించి బాప్పు పేరే పెట్టారు. నేను చెరువు కట్ట మీద అరవై లెక్కపెట్టిన మార్చికి ఆ దుర్భిణి వయసు రెండు నెలలు.

1999 జనవరిలో ఒక శనివారం గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడి, ఆలంగాయం మీదుగా బస్సులు మారి కావలూరు వెళ్లాను. సందర్శకుల కోసం పెట్టిన చిన్న దుర్భిణిలో శనిగ్రహాన్ని చూశాను. నా ముందు నిలబడిన ముసలాయన కన్ను పెట్టి, తీసి, రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను.

ఈ అభిరుచికి ఎక్కడ మొదలుపెట్టాలని స్టూడియోకు వచ్చే పిల్లలు అడుగుతుంటారు. కన్నుతో మొదలుపెట్టమంటాను. మా జేజికి అక్షరం రాదు, ఆకాశం వచ్చు. తల్లికోడి వెంట పిల్లలు గుంపుకట్టినట్టున్న కృత్తికలను చూపించి పిల్లలకోడి అనేది. మూడు చుక్కలు వరసగా ఉంటే గొల్లకావడి అనేది, తెల్లారేముందు వేగుచుక్కను చూసి దొడ్లోకి పోయేది. మా ఊళ్లో సేద్యం అంతా కార్తెల లెక్క. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తెలో రోహిణి మాత్రం కనబడదు, సూర్యుడు దాని దగ్గరే ఉంటాడు గనుక. అదే రోహిణిని డిసెంబరు మొదట్లో అర్ధరాత్రి చూస్తే నడినెత్తిన ఉంటుంది. ఈ ఒక్క సంగతి సొంతంగా చూసి తెలుసుకున్న పిల్లకు పంచాంగం సగం అర్థమైనట్టే.

తర్వాత పిడికిలి. చేయి చాపి పిడికిలి పడితే అది పది డిగ్రీలు. మా ఊళ్లో ధ్రువ నక్షత్రం ఉత్తరాన పిడికిలిన్నర ఎత్తుకు లోపే ఉంటుంది. ఏప్రిల్ నెలాఖరులో, కాయ కోతకు ముందు, రాత్రి పదింటికి దక్షిణం వైపు చూస్తే దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తున నాలుగు చుక్కల శిలువ నిలబడి ఉంటుంది. ఢిల్లీవాళ్లకు అది దాదాపు నేలకు ఆనుతుంది. మనకు తీరుబడిగా దొరుకుతుంది.

ఆ తర్వాతే కెమెరా. స్టాండు గట్టిది కావాలి, లెన్సును చేత్తో ఫోకస్ చేయాలి. 500ను లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే వచ్చే సెకన్ల లోపు తీస్తే చుక్కలు గీతలు పడవు. 50 మిల్లీమీటర్ల లెన్సుకు పది సెకన్లు, 24కు ఇరవై. ఇప్పుడు ఫోనును కదలకుండా ఇటుకకు ఆనించి పెట్టినా పాలపుంత మసకగా పడుతోంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. ఒంటరిగా మాత్రం అడవి అంచుకు పోవద్దు. కౌండిన్య అభయారణ్యం ఏనుగులకు తోపుల దారి మనకంటే బాగా తెలుసు.

దుర్భిణి కొనుక్కోవచ్చు, కెమెరా అరువు తెచ్చుకోవచ్చు. చీకటిని ఎవరూ అమ్మరు. నా చిన్నప్పుడు మా మిద్దె మీద నుంచి పిల్లలకోడిలో ఆరు చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి. పోయిన డిసెంబరులో మా మనవరాలు అదే మిద్దె మీద నిలబడి నాలుగు లెక్కపెట్టింది. దాని కళ్లు నాకంటే చురుకు. మామిడి తోపులోకి తీసుకుపోయి మళ్లీ అడిగితే ఆరూ చెప్పింది. రెండు చుక్కలను మింగింది మన వీధి దీపాలు, రోడ్డు దీపాలు, రాత్రంతా ఎవరికోసమో వెలిగే ఇంటి ముందరి దీపాలు. దీపం వద్దని నేను అనను, మా అమ్మ లాంతరు వెలుతురులోనే నన్ను చదివించింది. దీపం నేల మీద పడితే చాలు, ఆకాశానికి అక్కర్లేదు. పైన ఒక రేకు మూత, పని అయ్యాక ఆర్పే అలవాటు, ఈ రెండూ ఉంటే మన చీకటి మనకు తిరిగి వస్తుంది.

వచ్చే అమావాస్యకు మీ ఇంటి ముందరి దీపం ఒక గంట ఆర్పండి. పిల్లలను మిద్దె మీదికి తీసుకుపోయి కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా ఓ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. చలికాలమైతే పిల్లలకోడిని చూపించి ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టమనండి. ఆ అంకెను, తేదీని గోడ క్యాలెండరు మీద రాసి పెట్టండి. హైదరాబాదులో గాజు పలకల ముందు కూర్చున్నవాళ్లు చేసిన పని కూడా అదే.