నలుపు పక్కన నలుపు

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు, దాని పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకి రెండు ప్లగ్గులు వెళ్ళేవి. వాటి పేర్లు పీ8, పీ9. ఒక్కోదానికి ఆరేసి గళ్ళు, చూడ్డానికి కవలపిల్లలు. కాస్త బలం చూపిస్తే ఒకదాని చోట రెండోది దూరిపోయేది. అలా తారుమారైతే బోర్డు మీద ఆశ వదులుకోవడమే. అందుకే ఆ రోజుల్లో కంప్యూటర్లు బిగించే ప్రతివాడికీ ఒక సూత్రం కంఠతా వచ్చు: నలుపు పక్కన నలుపు. రెండు ప్లగ్గుల్లోని నల్ల తీగలు మధ్యలో పక్కపక్కనే రావాలన్నమాట. ఆ జాగ్రత్త ప్లగ్గు ఆకారంలో ఉండాల్సింది. అక్కడ లేకపోబట్టి మనుషుల నోట్లో బతికింది.

ఈ ప్లగ్గుల చరిత్ర నాకు భాషా చరిత్రలాగే కనిపిస్తుంది. పాత తెలుగులో ‘కంపు’ అంటే మంచి వాసన కూడా. ఇవాళ ఎవరి పూలదండనైనా కంపు కొడుతోందని మెచ్చుకుని చూడండి! మాట అదే, అర్థం ఎదురు తిరిగింది. తీగల రంగులకీ ఇలాగే జరిగింది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణాన్ని తెచ్చింది. రెండు ప్లగ్గులు పోయి ఇరవై గళ్ళ ప్లగ్గు ఒకటే వచ్చింది. కొన్ని గళ్ళు చదరం, కొన్నిటికి మూలలు కోసి ఉంటాయి కాబట్టి తిరగేసి పెట్టలేం. ఎరుపు 5 వోల్టులు, పసుపు 12, నలుపు గ్రౌండ్. ఇవి పాతవే. కొత్తగా ఆకుపచ్చ తీగ వచ్చింది, దాన్ని నలుపుతో కలిపితేనే సప్లై మేలుకుంటుంది. ఊదా తీగలో కంప్యూటర్ ఆపేసినా 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి. నారింజ తీగ సంగతే వేరు. పాత పద్ధతిలో అది ‘కరెంటు సరిగ్గా ఉంది, ఇక మొదలుపెట్టు’ అని బోర్డుకి కబురు చెప్పే తీగ. ఏటీఎక్స్‌లో ఆ పని బూడిదరంగుకి వెళ్ళిపోయి, నారింజ 3.3 వోల్టుల తీగ అయింది.

ఈ తేడాతో నాకు నిజంగానే పనిపడింది. మిత్రుడి నాన్నగారు ఒకప్పుడు డీటీపీ సెంటర్ నడిపేవారు. ఆయన పాత యంత్రంలో సప్లై పోయింది. ఎవరి దగ్గరా అచ్చు ప్రతి దొరకని ఒక కథల సంపుటి పేజీలు అందులో ఉన్నాయి. యూనికోడ్ రాకముందు ఫాంట్లు, ఆ కాలపు పేజ్‌మేకర్ అన్నీ అందులోనే. డిస్కు ఊడదీసి ఫైళ్ళు కాపీ చేసుకుంటే ఆ అక్షరాలు ఇవాళ చదవరాని గీతలు. యంత్రమే లేవాలి. మెకానిక్ కుర్రాడు కొత్త సప్లై తెచ్చి, “రంగుకు రంగు కలిపేస్తే అయిపోతదన్నా” అన్నాడు. “ఆగు తమ్ముడూ, నారింజకి నారింజ కలపకు” అన్నాను. కలిపితే బోర్డు కాలకపోవచ్చు గానీ, కరెంటు నిలకడపడకముందే ‘సిద్ధం’ అన్న అబద్ధపు కబురు వెళ్ళొచ్చు. బూడిదరంగు తీగని పాత నారింజ చోటికి పంపించాం. ఆకుపచ్చకీ నలుపుకీ మధ్య ఒక స్విచ్చి పెట్టాం. యంత్రం లేచింది. పుస్తకం పేజీ పేజీగా తెర మీదికొచ్చింది.

రంగు మోసం చేసినట్టే ఆకారమూ చేస్తుంది. 1990ల చివర్లో డెల్ తన చాలా కంప్యూటర్లలో అచ్చం ఏటీఎక్స్ ప్లగ్గునే వాడింది, కానీ లోపల తీగల వరస మార్చేసింది. మామూలు సప్లై తెచ్చి పెడితే హాయిగా దూరుతుంది, తర్వాత ఏదో ఒకటి కాలుతుంది. ఇప్పటి యంత్రాల్లో ప్రాసెసర్‌కి వెళ్ళే ఎనిమిది గళ్ళ ప్లగ్గూ, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళే ఎనిమిది గళ్ళ ప్లగ్గూ దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. మొదటిదాంట్లో నాలుగు పసుపు, నాలుగు నలుపు. రెండోదాంట్లో మూడు పసుపు, ఐదు నలుపు. పైగా ఒకదాంట్లో 12 వోల్టులు ఉన్న వైపు రెండోదాంట్లో గ్రౌండ్ ఉంటుంది. ఇప్పుడు చాలా సప్లైల్లో అందం కోసం తీగలన్నీ నలుపే వేస్తున్నారు కనక ఆ లెక్కా కుదరదు. ఊడదీసే కేబుళ్ళున్న సప్లైలతో ఇంకో చిక్కు. సప్లై వైపు కొసకి ఉమ్మడి ప్రమాణమే లేదు. ఒక సప్లై కేబుల్‌ని ఇంకో సప్లైకి తగిలించి హార్డ్‌డిస్కులు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

పేర్లని కూడా నమ్మలేం. హార్డ్‌డిస్కుకి పెట్టే నాలుగు గళ్ళ తెల్ల ప్లగ్గుని అందరూ మోలెక్స్ అంటారు. నిజానికది ఏఎంపీ కంపెనీ రూపొందించిన మేట్-ఎన్-లాక్. నిఖార్సయిన మోలెక్స్ వంశం మదర్‌బోర్డు పెద్ద ప్లగ్గుది. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు!

అందుకని తెలియని ప్లగ్గు చేతికొస్తే ముందు అది ఏ యంత్రంలోంచి, ఏ కాలం నుంచి వచ్చిందో కనుక్కోండి. సప్లై మీది స్టిక్కరు చదవండి. బోర్డుకి తగిలించకముందే మల్టీమీటర్ నల్ల పుల్ల గ్రౌండ్ మీద పెట్టి, ఎర్ర పుల్లతో ఒక్కో గడీలో ఎన్ని వోల్టులున్నాయో కాగితం మీద రాసుకోండి. బోర్డు మాన్యువల్లో ఉన్న పటంతో ఆ కాగితాన్ని గడికి గడి సరిచూసుకోండి. అంతవరకూ, ప్లగ్గు సరిగ్గా దూరింది కదా అని స్విచ్చి వెయ్యకండి.