కార్పొరేట్ సైకోపతీ

జాలి, పశ్చాత్తాపం లేకున్నా పైకి కలుపుగోలుగా కనిపించే వ్యక్తిత్వం ఉన్నవారు సంస్థల్లో పెద్ద పదవులకు ఎగబాకడం. సైకోపతీని కొలవడానికి కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ 20 అంశాల పట్టికను తయారుచేశాడు. ఖైదీలను పరిశీలించగా పుట్టిన ఈ పట్టికలో గరిష్ఠ స్కోరు 40. సాధారణంగా 30, ఆపైన వస్తే సైకోపత్ కింద లెక్క. పాల్ బాబియాక్, క్రెయిగ్ న్యూమన్‌, హేర్ కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో 203 మంది కార్పొరేట్ ఉద్యోగులను దీంతోనే కొలిచారు. దాదాపు 4 శాతం మంది 30కి చేరారు. అసలు విశేషం వేరే ఉంది. ఎక్కువ స్కోరు వచ్చినవారికి మాటకారితనంలో, వ్యూహరచనలో మంచి మార్కులే పడ్డాయి. నలుగురితో కలిసి పనిచేయడంలో, పని పూర్తిచేయడంలో వెనకబడ్డారు. అయినా కొందరు వైస్ ప్రెసిడెంట్, డైరెక్టర్ కుర్చీల్లోనే ఉన్నారు. ఆ 203 మందీ కంపెనీలు శిక్షణకు ఏరుకున్నవారు కాబట్టి, ఆ శాతాన్ని అధికారులందరికీ అంటగట్టడం తొందరపాటే.