మిస్ మేసన్ ముందు పాదాలు చూసేది

1885లో ఇంగ్లండ్ ప్రభుత్వం మేరియన్ మేసన్ అనే ఆవిడని ఒక కొత్త ఉద్యోగంలో వేసింది. పేదల చట్టం కింద అనాథ పిల్లల్ని పల్లెల్లో తెలియనివాళ్ల ఇళ్లకి పెంపకానికిచ్చేవారు. ఆ ఇళ్లకి వెళ్లి పిల్లలెలా ఉన్నారో చూసి రాయడం ఆవిడ పని. నాటింగ్‌హామ్ వైపు మనిషి. అంతకుముందు పల్లెపాటలూ పిల్లల పాటలూ సేకరించి పుస్తకం వేసింది. ఏ ఇంటికెళ్లినా పిల్లనో పిల్లాడినో దగ్గర కూర్చోబెట్టుకుని జోళ్లు, మేజోళ్లు విప్పించేది. ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందని తెలిస్తే మొహం కడిగి తల దువ్వడం ఎంతసేపు? మురికి గట్టిపడి పుళ్లు పడిన పాదాలు మాత్రం అప్పటికప్పుడు బాగుపడవు. అనుమానమొస్తే బట్టలు కూడా తీయించి ఒంటిమీద దెబ్బలున్నాయేమో చూసేది. 1910లో రిటైరయ్యేదాకా ఊరూరా అదే పని చేసింది.

మాది తెనాలి. చాలా ఏళ్లుగా బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటున్నాను. పిల్లల్ని పెంపకానికి తీసుకుంటామని ఫోన్ చేసేవాళ్లతో మాట్లాడి, ఇంటికెళ్లి, విచారించి నివేదిక రాయడం నా ఉద్యోగం. మాలో కొత్తగా చేరినవాళ్లకి నేను ముందు చెప్పేది మేసన్ సంగతే.

ఆవిడకంటే ముందు విచారణ లేదని కాదు. 1870 నాటి ఉత్తర్వుతో ఊళ్లలో కమిటీలు పెట్టారు. చర్చి ఫాదరీలు, పెద్దింటి ఆడవాళ్లు కూర్చుని ఫలానావాళ్లు మంచివాళ్లేనా, చర్చికి వస్తారా, ఊళ్లో పరువుందా అని చూసేవారు. పరువు గురించి వాకబు జరిగేది, పిల్ల ఎక్కడ పడుకుంటుందన్నది వెనకబడేది. ఇక ప్రైవేటుగా పిల్లల్ని తీసుకునేవాళ్లని గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. అమీలియా డయ్యర్ అనే ఆవిడ పేపర్లో ప్రకటనలిచ్చి, డబ్బు పుచ్చుకుని, పెంచుతానని పసికందుల్ని తీసుకెళ్లి చంపేసేది. 1896లో ఉరితీశారు. ఆ మరుసటి ఏడే చట్టం బిగించారు.

అయినా అసలు దెబ్బ తగిలింది 1945లో.

డెనిస్ ఓనీల్‌ది వేల్స్‌లోని న్యూపోర్ట్. ఇంట్లో ఆలనాపాలనా లేక కోర్టు ఆ ఇంటి అన్నదమ్ముల్ని న్యూపోర్ట్ కౌన్సిల్‌కి అప్పగించింది. 1944 వేసవిలో డెనిస్‌నీ, తమ్ముడు టెరెన్స్‌నీ ష్రాప్‌షైర్‌లో బ్యాంక్ ఫామ్ అనే పొలానికి, రెజినాల్డ్ గాఫ్ దంపతుల దగ్గరికి పంపారు. ఊరికి దూరంగా విసిరేసినట్టున్న ఇల్లు. యుద్ధకాలం, ఆఫీసుల్లో మనుషుల్లేరు, పిల్లల్ని ఉంచుకునే ఇల్లు దొరకడమే గొప్ప. ఆ మొగుడూ పెళ్లాల గురించి గట్టిగా వాకబు చేసినవాళ్లు లేరు. పిల్లలు ఒక కౌన్సిల్‌వాళ్లు, పొలం ఇంకో కౌన్సిల్ పరిధిలోది. వాళ్లు చూసుకుంటారని వీళ్లు, వీళ్లు చూసుకుంటారని వాళ్లు ఊరుకున్నారు. డిసెంబరులో న్యూపోర్ట్ ఆఫీసు గుమాస్తా ఒకామె వెళ్లింది. డెనిస్ వాలకం చూసి భయపడి, పిల్లల్ని వెంటనే అక్కణ్ణించి తెచ్చేయాలని చెప్పింది. ఆ కాగితం కదల్లేదు. 1945 జనవరి 9న డెనిస్ చనిపోయాడు. 12 ఏళ్లవాడు. ఛాతీ నిండా కమిలిన దెబ్బలు. కడుపులో మెతుకు లేదు. పాదాలమీద చీముపట్టిన పుళ్లు.

ఆ వైద్య నివేదికలో పాదాల దగ్గరికొచ్చేసరికి నాకు కళ్లు ముందుకి కదలవు. మేసన్ రిటైరై అప్పటికి 35 ఏళ్లు. ఆ గుమాస్తాని నేను తప్పుపట్టను. చూసింది, చూసింది చెప్పింది. ఆమెకి ఆ పని నేర్పినవాళ్లు లేరు, ఆమె మాట విని బండి కట్టించే అధికారి లేడు.

గాఫ్‌కి 6 ఏళ్లు, భార్యకి 6 నెలలు జైలు పడింది. సర్ వాల్టర్ మాంక్‌టన్ విచారణ జరిపి అదే ఏడు నివేదిక ఇచ్చాడు. 1946లో మైరా కర్టిస్ కమిటీ దేశంలో ఇల్లు లేని పిల్లల స్థితి మొత్తం బయటపెట్టింది. 1948 చట్టంతో ప్రతి కౌన్సిల్‌కీ పిల్లల కోసమే ఒక కమిటీ, ఒక అధికారి వచ్చారు. ‘ఇది ఎవరి పని?’ అన్న ప్రశ్నకి అప్పటికి ఒక పేరు రాసిపెట్టారు. లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న అగాథా క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’కి మూలం డెనిస్ ఘటనే. ఆ నాటకం చూడ్డానికి మనవాళ్లూ టికెట్లు కొంటారు. దాని వెనకున్న పిల్లాడి పేరు తెలిసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు మా పద్ధతి వేరు. ఫోన్ వచ్చాక ఒకసారి ఇంటికెళ్తాం. తర్వాత పోలీసు రికార్డులు, డాక్టర్ నివేదిక, తెలిసినవాళ్ల సాక్ష్యం, విడిపోయిన పాత భాగస్వామితో మాట. కుక్క ఉంటే దానికీ ఓ ఫారం. ఆపైన నెలల తరబడి కూర్చుని చిన్నతనం నుంచీ జీవితమంతా అడుగుతాం. అన్నీ అర్హత పరిశీలించే ప్యానెల్ ముందుకెళ్తాయి. మన తెలుగువాళ్లు ఫోన్ చేసి, ‘నాలుగు బెడ్‌రూములండీ, ఇద్దరం ఉద్యోగస్తులం, ఇన్ని ప్రశ్నలెందుకు? మమ్మల్ని అనుమానిస్తున్నారా?’ అని నొచ్చుకుంటారు. ఎక్కువగా ఆగిపోయేది ఒక ప్రశ్న దగ్గర: ‘చిన్నప్పుడు మిమ్మల్ని కొట్టేవారా?’ ‘కొట్టకుండా ఎలా పెరుగుతామండీ’ అంటారు. అక్కడే నేను పెన్ను పక్కనపెట్టి మాట్లాడతాను. ఇక్కడ పెంపకం పిల్లలమీద చెయ్యెత్తకూడదు, ఒక్క దెబ్బ కూడా. ఆ పిల్లల్లో చాలామంది సొంతింట్లో దెబ్బలు తిని వచ్చినవాళ్లే. అది విని ‘ఆలోచించుకుని చెప్తాం’ అన్నవాళ్లంటే నాకు గౌరవం. ‘అబ్బే, అలాంటివేం ఉండవు’ అని తేల్చేసేవాళ్ల దగ్గర ఇంకా ఎక్కువసేపు కూర్చుంటాను.

ఆమోదం దొరికాక కూడా ఏడాదికి ఒక్కసారైనా చెప్పకుండా వెళ్లి తలుపు కొట్టాలి. పిల్లని చేర్చిన వారంలోపు ఆ పిల్ల సోషల్ వర్కర్ వెళ్లి చూడాలి, విడిగా మాట్లాడాలి.

ఇండియాలోనూ 2015 బాలల న్యాయచట్టంలో పెంపకపు కుటుంబాలకి చోటుంది. 2024 మార్గదర్శకాలతో 35 నుంచి 60 ఏళ్ల ఒంటరివాళ్లూ పిల్లల్ని పెంపకానికి అడగొచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లొచ్చి ఇల్లు చూస్తారు. పెళ్లి చేసుకోని మా చెల్లెలు గుంటూరు నుంచి ఫోన్ చేసి, ‘అక్కా, ఏం అడుగుతారు?’ అంది. ‘ఏం అడిగినా చెప్పు. అడక్కపోయినా గదులన్నీ తిప్పి చూపించు. తర్వాతెప్పుడైనా వచ్చి పిల్లతో విడిగా మాట్లాడతామంటే, చెప్పులేసుకుని కాసేపు బజారుకెళ్లు’ అన్నాను.