అమ్మకి ఇరవై నాలుగేళ్ళప్పుడు

కిందటి సంక్రాంతికి కనిగిరిలో మా ఇంటి వసారాలో పెద్ద గొడవే అయింది. ఆస్తుల గొడవ కాదు, పాటల గొడవ. తెలుగులో మంచి పాటలొచ్చిన పదేళ్ళు ఏవి? మామయ్య యాభైల దగ్గర మొదలుపెట్టి, ఘంటసాల పోయిన 1974తో పాట కూడా పోయిందన్నాడు. అన్నయ్య ఒప్పుకోలేదు. ఇళయరాజా లేని లెక్కేం లెక్క, ఎనభైలే గొప్పవన్నాడు. మేనల్లుడు 1992లో 'రోజా' వచ్చాకే మనవాళ్ళకి చెవులు తెరుచుకున్నాయన్నాడు. వాడి కొడుకు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాళ్ళ వంక జాలిగా చూశాడు.

"నువ్వు ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదానివి గదా అమ్మాయ్, నువ్వు తేల్చు" అన్నాడు మామయ్య. నేను ఆలోచించకుండా "యాభైలు" అన్నాను. క్లాసులో చెప్పి చెప్పి అలవాటైన జవాబు. మామయ్య తొడ చరిచాడు.

లోపల అమ్మ అరిసెలు వత్తుతోంది. అమ్మ మామయ్య కన్నా మూడేళ్ళు పెద్ద. ఇద్దరూ పొదిలి దగ్గర ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో పెరిగారు. ఆ గొడవంతా అమ్మకి వినబడుతూనే ఉంది. కానీ నీ మాటేమిటని ఆవిడని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

రాత్రి పడుకునే ముందు అడిగాను. అమ్మ నవ్వింది. "ఏ పదేళ్ళని చెప్పనే? వాడు డేరాలో కూర్చుని విన్నాడు. నేను గోడ ఇవతల నించి విన్నాను. నాకు సగం సగం పాటలే తెలుసు" అంది.

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. నేను అంతకాలం చెప్పిన పాటల చరిత్రంతా గోడ అవతలి చరిత్రేనేమో అనిపించింది.

అమ్మ 1942లో పుట్టింది. మర్నాటి ఏడాదే 'భాగ్యలక్ష్మి' సినిమాలో కమలా కోట్నీస్‌కి రావు బాలసరస్వతీదేవి గొంతు అరువిచ్చారు. తెలుగు సినిమాలో నేపథ్యగానం అక్కడ మొదలైంది. అంతవరకూ తెర మీద పాడాలంటే ఎవరి పాట వాళ్ళే పాడుకోవాలి. నేపథ్యగానం వచ్చాక తెర మీది మనిషి వేరు, పాడే మనిషి వేరయ్యారు. దీన్ని మనం సాంకేతిక ప్రగతి అనే చదువుకున్నాం. ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇంకొకటి కూడా జరిగింది. అందంగా కనబడేది ఒకరు, వినబడేది మరొకరు, వాళ్ళిద్దరూ ఏం పలకాలో రాసిపెట్టేది వేరే మగవాళ్ళు.

ఈ విభజనకి లొంగనివాళ్ళు యాభైల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళలో మొదట చెప్పాల్సింది మా జిల్లా మనిషే. భానుమతి 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. 1939లో 'వరవిక్రయం'లో, కట్నానికి వ్యతిరేకంగా ప్రాణం తీసుకునే కాళిందిగా వేసేనాటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు కూడా సరిగా లేవు. తన పాత్రలకి తనే పాడుకున్నారు. 1951లో 'మల్లీశ్వరి'. 1953లో 'చండీరాణి'కి మూడు భాషల్లో దర్శకత్వం. 1954లో 'చక్రపాణి'కి సంగీతం కూడా ఆవిడదే. ఎస్. వరలక్ష్మి కూడా నటిస్తూ పాడారు. ప్రకాశం పంతులు గారి సోదరుడి కూతురు టంగుటూరి సూర్యకుమారి నటించారు, పాడారు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం జనానికి దగ్గరైంది ఆవిడ గొంతుతోనే.

వీళ్ళతోపాటు పి. లీల, జిక్కి, జమునారాణి, అప్పుడే వస్తున్న సుశీల, 1957లో వచ్చిన జానకి ఉన్నారు. ఒక గొంతు మరో గొంతులా ఉండదు. భానుమతి గొంతులో పొగరు, జిక్కి గొంతులో చిలిపితనం, లీల గొంతులో నిండుదనం. నేను యాభైలని మెచ్చుకోవడానికి కారణం ఉంటే అదే కావాలి. కానీ క్లాసులో నేను చెప్పింది అది కాదు. పింగళి మాటల గురించి, కృష్ణశాస్త్రి భావుకత గురించి, ఘంటసాల గాంభీర్యం గురించి చెప్పాను.

ఆ స్వర్ణయుగంలో పెద్దమనుషులు ఏమనేవారో కూడా గుర్తు చేసుకోవాలి. సినిమా పాట సంగీతాన్ని చెడగొడుతోందని నమ్మిన బి.వి. కేస్కర్ 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయ్యారు. ఆలిండియా రేడియోలో సినిమా పాట దాదాపు మూగబోయింది. జనం సిలోన్ వైపు తిప్పుకున్నారు. మీనాక్షి పొన్నుదురై తెలుగు మాట అలా ఇంటింటికీ తెలిసింది. చివరికి 1957 అక్టోబరులో ప్రభుత్వమే వివిధభారతి మొదలుపెట్టాల్సొచ్చింది. అంటే మామయ్య ఇవాళ మంచి పాటలంటున్నవి ఆనాటి పెద్దలకి చెడ్డ పాటలు. ఇప్పటి పాటల మీద మామయ్య విసుక్కున్నట్టే వాళ్ళూ విసుక్కున్నారు.

ఆ విసుగు ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి నిషేధమయ్యేది. అమ్మ గొంతు బాగుండేదట. డేరాలో ఒకసారి చూసిన సినిమాలోని భానుమతి పాటలు గుర్తుంచుకుని బావి దగ్గర పాడేదట. 1958లో పెళ్ళై కనిగిరి వచ్చిన కొత్తల్లో నీళ్ళు తోడుతూ పాడితే, మా నాయనమ్మ "సంసారుల కోడలు సినిమా పాటలు పాడుతుందా" అందట. మద్రాసు ప్రెసిడెన్సీలో దేవదాసీ వ్యవస్థని నిషేధిస్తూ 1947లో చట్టం వచ్చింది. ఇంటి కోడలు పాడకూడదనే నీతి మాత్రం ఇళ్ళల్లో అలాగే మిగిలింది. మంగళహారతి పాడొచ్చు, పెళ్ళిలో నలుగు పాట పాడొచ్చు. ఊరికే, సంతోషమేసి, గొంతెత్తకూడదు.

మగపిల్లలకి ఈ పేచీ లేదు. మామయ్య స్నేహితులతో కలిసి సెకండ్ షోకి నడిచి వెళ్ళేవాడు, దారంతా పాడుకుంటూ వచ్చేవాడు. ఆయనకి గుర్తున్న యాభైలు అవి. మా అమ్మకీ, బ్యారన్ల దగ్గర పొగాకు కర్రలకి కట్టే ఆడవాళ్ళకీ పెళ్ళిపందిట్లో మైకుసెట్టు మోగిన రోజే పండగ. అది కూడా పని చేసుకుంటూ వినడమే.

మనుషులకి ఏ పాటలు ఎందుకు నచ్చుతాయన్న దాని మీద 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. రకరకాల వయసులవాళ్ళకి వేర్వేరు కాలాల పాటలు వినిపించి అడిగితే, తమకి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో వచ్చిన పాటల మీద జనానికి ఎక్కువ మక్కువ ఉన్నట్టు తేలింది. మా వసారా గొడవ ఇట్టే తేలిపోయే లెక్క ఇది. మామయ్యకి, అన్నయ్యకి, మేనల్లుడికి ఎవరి వయసు వాళ్ళకి ముద్దు. పాటల గురించి మాట్లాడుతున్నామనుకుంటూ అందరూ తమ యవ్వనం గురించే మాట్లాడుతున్నారు.

అయితే అమ్మకి ఇరవై నాలుగేళ్ళప్పుడు ఏం జరిగింది?

అది 1966. సుశీల గొంతు తెలుగు దేశమంతా నిండిన కాలం. రెండేళ్ళకి, 1968లో, జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ గాయని బహుమతి మొదటిసారి ఇచ్చినప్పుడు అది ఆవిడకే వచ్చింది, ఒక తమిళ సినిమాకి. 1966లో అమ్మ చంకలో నేను, పక్కన అన్నయ్య, కడుపులో చెల్లెలు. కనిగిరి అప్పటికింకా నెల్లూరు జిల్లాలో ఉంది. మంచినీళ్ళ కోసం తెల్లవారకముందే బిందెలెత్తుకోవాలి. ఇంట్లో రేడియో లేదు. గోడ అవతల కాఫీ హోటల్లో ఉంది. "పల్లవి వినేసరికి పాలు పొంగేవి. చరణం కాడికొచ్చేసరికి ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు" అంది అమ్మ.

మర్నాటి ఏడాది నాన్న మర్ఫీ రేడియో కొన్నాడు. రేడియోకి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టే రోజులు. లైసెన్సు నాన్న పేరు మీదే, రేడియో ఉండే గూడు నాన్న చేతికందే ఎత్తులో. విజయవాడ కేంద్రం వార్తలవగానే కట్టేసేవాడు. మధ్యాహ్నం మగవాళ్ళెవరూ లేనప్పుడు అమ్మ పీట వేసుకుని, సౌండు బాగా తగ్గించి సిలోన్ పెట్టుకునేది. బ్యాటరీలు త్వరగా అయిపోతున్నాయని నాన్న షాపువాడితో పోట్లాడాడు. ఆ రహస్యం అమ్మ నాకు మొన్నే చెప్పింది.

అరవైలు, డెబ్బైలు ఎంత గొప్పవైనా, ఆడగొంతుల్లోని వైవిధ్యం తగ్గిందీ అప్పుడే. సుశీల ప్రతిభకి ఇది తక్కువ చేయడం కాదు. సినిమా కథల్లో ఆడవాళ్ళు రెండు రకాలయ్యారు. తులసికోట దగ్గరి హీరోయిన్‌కి ఒక గొంతు, క్లబ్బులో నాట్యం చేసే ఆమెకి మరో గొంతు. ఆ రెండోది ఎక్కువగా ఎల్.ఆర్. ఈశ్వరి గారికి దక్కింది. జనం ఆ పాటలకి ఈలలు వేశారు. గౌరవం మాత్రం ఇటు పక్కనే ఉంచారు. రెండు రకాల పాటలూ, ముసలమ్మ నుంచి పసిపిల్ల దాకా అన్ని గొంతులూ తనే పలికించి ఆ గీత చెరిపింది జానకి. వంశీ తీసిన 'సితార'కి 1984లో ఆవిడకి జాతీయ బహుమతి వచ్చింది.

ఆ ఏడాది నాకు ఇరవై. 'సితార' క్యాసెట్ కొనుక్కుని అన్నయ్య టేప్‌రికార్డర్‌లో పదే పదే వేశాను. అమ్మ గుమ్మం దగ్గర చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది. "ఇంకోసారి వెయ్యవే" అంది. "నీకేం తెలుస్తుందిలే" అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా నాయనమ్మ మాట కన్నా నా మాట ఏం తక్కువ?

ఆ తర్వాతి కాలం మీద వసారాలో వినబడే ఫిర్యాదు ఒకటే: తెలుగు రాని గొంతులొచ్చి భాష పాడైందని. 'మాయాబజార్'లో సావిత్రికి పాడిన లీల మలయాళీ. 'శంకరాభరణం'కి జాతీయ బహుమతి తెచ్చుకున్న వాణీ జయరామ్ తమిళనాడులో పుట్టారు. ఇష్టమైన కాలంలో కనబడని తప్పు ఇష్టంలేని కాలంలో కనబడుతుంది.

నిజంగా అడగాల్సిన లెక్క వేరే ఉంది. ఈ పదేళ్ళలో, ఆ పదేళ్ళలో ఆడవాళ్ళు రాసిన పాటలెన్ని, కూర్చిన బాణీలెన్ని? సముద్రాల, పింగళి, ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి, సినారె, వేటూరి, సిరివెన్నెల... ఆడవాళ్ళ విరహం, సిగ్గు, తల్లిప్రేమ అన్నీ వీళ్ళే రాశారు. సంగీతంలో భానుమతి తర్వాత, 1968లో సావిత్రి దర్శకత్వంలో సాంకేతిక శాఖల్లో ఎక్కువగా ఆడవాళ్ళే పనిచేసిన 'చిన్నారి పాపలు'కి పి. లీల బాణీలు కట్టారు. తొంభైల్లో ఎం.ఎం. శ్రీలేఖ వచ్చారు. 2017లో 'అర్జున్ రెడ్డి'కి శ్రేష్ఠ పాటలు రాశారు. ఇలా పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలుగుతున్నామంటే, ఏ పదేళ్ళనైనా స్వర్ణయుగం అనేముందు కాస్త ఆగాలి.

2016 తర్వాత ఫోన్ డేటా చవకయ్యాక, మనవడు అమ్మకి ఒక ఫోను ఇచ్చాడు. ఇప్పుడు మధ్యాహ్నం మంచం మీద పడుకుని, చెవిలో పెట్టుకుని వింటుంది. గోడ ఇవతల సగం సగం విన్న పాటల మిగతా సగాలు డెబ్బై నాలుగేళ్ళు దాటాక విన్నది. "ఈ చరణం ఇట్లుందా! నేనింకోలా అనుకున్నానే" అంటుంది. భానుమతిని విన్నాక జానకిని వింటుంది, ఆ తర్వాత మనవడు వినే కొత్త పాట. ఏ కాలం పాటైనా ఆవిడకి కొత్తదే. "నీ మంచి పదేళ్ళు ఇవేనా అమ్మా?" అన్నాను. "పాటలకైతే ఇవే" అంది.

మొన్నొకసారి ఫోను నా చేతికిచ్చి, "మా అమ్మ పాడే నలుగు పాట వస్తదేమో చూడు" అంది. వెతికాను. నలుగు పాటలు బోలెడొచ్చాయి, అది మాత్రం లేదు. అమ్మమ్మ ఏ రికార్డూ ఇవ్వలేదు. ఆ పాట యాభైలదో, ఇరవైలదో, అంతకు ముందుదో చెప్పడానికి లేదు. మా వసారాలో ఎవరి లెక్కలోనూ అది లేదు, నా పాఠాల్లోనూ లేదు.

"నువ్వు పాడు, రికార్డు చేస్తాను" అన్నాను. అమ్మ కాసేపు సిగ్గుపడింది. వసారా వైపు చూసి, ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు పాడింది. గొంతు వణికింది కానీ శ్రుతి తప్పలేదు. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మూడోది గుర్తు రావడం లేదంది. నలభై ఏళ్ళ కిందట, ఆ టేప్‌రికార్డర్ ఇంట్లో ఉన్నప్పుడు అడిగి ఉంటే గుర్తుండేదేమో.

మామయ్యకి ఫోన్ చేసి అడిగాను. ఆయనకి అలాంటి పాట ఒకటుందనే తెలియదు.