అమెరికా బార్ ఎగ్జామ్: ఇక్కడ ఎల్‌ఎల్‌బీ చేసి అక్కడ లాయర్ అవ్వొచ్చా? రూల్స్ ఇవే..

అమెరికాలో లాయర్‌గా ప్రాక్టీస్ చేయాలంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లో బార్ ఎగ్జామ్ పాస్ కావాల్సిందే. అయితే ఆ పరీక్ష ఎవరు రాయొచ్చన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేలుస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో లా చదివి ఎల్‌ఎల్‌ఎం కోసమో, పెళ్లయ్యాకో అమెరికా వెళ్లేవాళ్లు తికమకపడేది ఇక్కడే. ముందు యూనివర్సిటీలో చేరి, ఆ తర్వాత రూల్స్ చూసుకుంటే లక్షల రూపాయల ఫీజు, ఏడాది సమయం వృథా అయ్యే ప్రమాదం ఉంది.

ఇండియాకి, అమెరికాకి తేడా ఏంటి?

మన దగ్గర రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసైతే దేశంలో ఎక్కడైనా ప్రాక్టీస్ చేసుకోవచ్చు. అమెరికాలో అలా కుదరదు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రమే. న్యూయార్క్ లైసెన్స్ ఉన్నంత మాత్రాన టెక్సాస్ కోర్టులో వాదించడానికి వీల్లేదు.

అమెరికాలో చదివినవాళ్లకు దారి సూటిగా ఉంటుంది. ముందు ఏదో ఒక డిగ్రీ, ఆ తర్వాత అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న కాలేజీలో 3 ఏళ్ల జేడీ కోర్సు చేస్తే ఏ రాష్ట్రంలోనైనా పరీక్ష రాయొచ్చు. విస్కాన్సిన్‌లో అయితే ఆ రాష్ట్రంలోని రెండు లా స్కూళ్లలో చదివినవాళ్లకు బార్ ఎగ్జామ్ అవసరమే లేదు. చిక్కంతా విదేశీ డిగ్రీ ఉన్నవాళ్లకే.

న్యూయార్క్ రూల్ ఇదీ..

విదేశీ లా డిగ్రీని న్యూయార్క్ బోర్డు నాలుగు కోణాల్లో చూస్తుంది. ఆ డిగ్రీతో సొంత దేశంలో ప్రాక్టీస్‌కు అర్హత ఉండాలి. కాలేజీకి అక్కడి ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. కోర్సు కాలం అమెరికా జేడీకి సమానంగా ఉండాలి. ఆ దేశ చట్టాలకు ఇంగ్లిష్ కామన్ లా పునాది కావాలి. ఇండియాది కామన్ లా కాబట్టి రెగ్యులర్‌గా ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్లకు ఇది కలిసొచ్చే అంశం. నాలుగూ సరిపోతే ఎల్‌ఎల్‌ఎం లేకుండానే పరీక్షకు కూర్చోవచ్చు.

కోర్సు కాలం, కామన్ లా.. ఈ రెండింట్లో ఏదో ఒకటి మాత్రమే తగ్గితే ఎల్‌ఎల్‌ఎంతో సరిదిద్దుకునే ఛాన్స్ ఉంది. కానీ ఏ ఎల్‌ఎల్‌ఎం అయినా సరిపోదు. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న లా స్కూల్‌లో కనీసం 24 క్రెడిట్లు చేయాలి. అందులో వృత్తి నైతికత, లీగల్ రీసెర్చ్ అండ్ రైటింగ్, అమెరికా న్యాయవ్యవస్థపై రెండేసి క్రెడిట్లు, బార్ ఎగ్జామ్‌లో వచ్చే సబ్జెక్టుల్లో 6 క్రెడిట్లు తప్పనిసరి. చేరే ముందే ఈ లెక్క సరిచూసుకోవాలి.

ముందుగా ఆన్‌లైన్‌లో విదేశీ డిగ్రీ పరిశీలనకు అప్లై చేయాలి. మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు, డిగ్రీ వివరాలు యూనివర్సిటీ నుంచే నేరుగా బోర్డుకి వెళ్లాలి. దీనికి నెలలు పడుతుంది కాబట్టి పరీక్షకు ఏడాది ముందే మొదలుపెట్టడం మంచిది.

అడ్వకేట్లకు కాలిఫోర్నియా దారి

ఇండియాలో ఇప్పటికే అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయి, లైసెన్స్ సక్రమంగా ఉన్నవాళ్లు కాలిఫోర్నియాలో ఎల్‌ఎల్‌ఎం లేకుండానే పరీక్ష రాయొచ్చు. ఎన్‌రోల్ కాకుండా డిగ్రీ మాత్రమే ఉంటే అదనంగా అక్కడ చదవాల్సిందే. అందుకే వెళ్లాలనుకునేవాళ్లు ఇక్కడ ఎన్‌రోల్‌మెంట్ పూర్తిచేసుకుని బయల్దేరితే ఒక దారి తెరిచి ఉంచుకున్నట్టే.

పరీక్ష ఎలా ఉంటుంది?

ఏటా రెండుసార్లు.. ఫిబ్రవరి, జులై చివరి వారాల్లో జరుగుతుంది. చాలా రాష్ట్రాలు వాడే యూనిఫామ్ బార్ ఎగ్జామ్ రెండు రోజుల పరీక్ష. 200 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకు 50 శాతం, 6 వ్యాసాలకు 30 శాతం, రెండు ప్రాక్టికల్ టాస్కులకు 20 శాతం వెయిటేజీ. మొత్తం 400కి న్యూయార్క్‌లో 266 రావాలి. కాలిఫోర్నియాది సొంత పరీక్ష, 2000కి 1390 పాస్ మార్కు. ఇక 2026 జులై నుంచి కొన్ని రాష్ట్రాల్లో నెక్స్ట్‌జెన్ పేరుతో కొత్త పరీక్ష వస్తోంది. న్యూయార్క్ 2028 జులైలో దానికి మారుతుంది.

యూనిఫామ్ పరీక్ష స్కోరుని వేరే రాష్ట్రానికి బదిలీ చేసుకోవచ్చు. అయితే స్కోరు చెల్లినా, అర్హత రూల్స్ మాత్రం ఆ రాష్ట్రానివే. న్యూయార్క్ ఒప్పుకున్న ఇండియన్ డిగ్రీని పక్క రాష్ట్రం ఒప్పుకోవాలనేం లేదు.

పాసైతే అయిపోయినట్టేనా?

కాదు. దాదాపు అన్ని రాష్ట్రాల్లో వృత్తి నైతికతపై ఎంపీఆర్ఈ అనే మరో పరీక్ష ఉంటుంది. న్యూయార్క్‌లో దీనికి 85, కాలిఫోర్నియాలో 86 రావాలి. న్యూయార్క్‌లో 50 గంటల ఉచిత న్యాయ సేవ కూడా చేయాలి. ఆపై గుణగణాల విచారణ. పాత కేసులు, అప్పులు, ఉద్యోగాలు అన్నీ చెప్పాలి. తప్పు కంటే దాన్ని దాచడమే ఎక్కువ నష్టం చేస్తుంది.

మరో ముఖ్య విషయం. బార్ లైసెన్స్ వేరు, వీసా వేరు. లైసెన్స్ వచ్చినా పని చేయడానికి వర్క్ పర్మిట్ విడిగా ఉండాలి. హెచ్4 వీసాపై వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. కాబట్టి ముందు ఏ రాష్ట్రంలో ఉండాలో తేల్చుకోవాలి. ఆ రాష్ట్ర బోర్డు రూల్స్ చదవాలి. ఫీజు కట్టడం ఆ తర్వాతే.