మెకానిక్స్ మన దగ్గర ఏ భాషలో చదివారు?

ఈ రోజు ఫార్ములాలు తక్కువ, చరిత్ర ఎక్కువ. క్లాసికల్ మెకానిక్స్‌ని, అంటే సంప్రదాయ యాంత్రికశాస్త్రాన్ని, మన దగ్గర డిగ్రీ పిల్లలు ఏ భాషలో చదివారో చూద్దాం.

మాది ఇబ్రహీంపట్నం. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువున్న ఊరు. ఇప్పుడైతే చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలే. ఫస్టియర్‌లో ఇంజినీరింగ్ మెకానిక్స్ చదివినప్పుడు, అది ఇంగ్లీషులో కాక ఇంకో భాషలో ఉంటుందని మాకు తట్టనే లేదు. కానీ ఇక్కణ్ణుంచి గంట ప్రయాణంలో ఉన్న ఉస్మానియాలో ఒకప్పుడు అదే న్యూటన్‌ని ఉర్దూలో చెప్పారు.

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చాడు, 1918లో యూనివర్సిటీ వచ్చింది. చదువంతా ఉర్దూలో, ఇంగ్లీషు ఒక తప్పనిసరి సబ్జెక్టు మాత్రమే. మరి పుస్తకాలెక్కడివి? అందుకే 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం పెట్టారు. సైన్సు మాటల్ని ఉర్దూలో తయారు చేయడం దాని పని. త్వరణానికి ఇస్రా, జడత్వానికి జమూద్. అదే నగరంలో నిజాం కాలేజీ మాత్రం 1947 దాకా మద్రాసు యూనివర్సిటీ కింద ఉండి ఇంగ్లీషులో చెప్పేది.

చాలా గొప్ప ప్రయత్నమది, నాకైతే అందులో సందేహం లేదు. కానీ హైదరాబాద్ రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. మా వైపు పల్లె నుంచి వెళ్లిన పిల్లాడికి ఇస్రా అయినా యాక్సిలరేషన్ అయినా ఒకటే, రెండూ ఇంట్లో వినని మాటలే.

1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లీషుకి మారింది. తెలుగు వంతు వచ్చేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది, మొదటి అధ్యక్షుడు పీవీ నరసింహారావు. బీఎస్సీ ఫిజిక్స్ పుస్తకాలు తెలుగులో వచ్చాయి: దృఢ వస్తువులు, కేంద్రీయ బలాలు, అన్నీ. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చాక, కాలేజీకి రోజూ వెళ్లలేనివాళ్లు కూడా తెలుగులో డిగ్రీ చదివారు.

ఆ మాటల గురించి కొంచెం ఆగి చెప్తాను. మొమెంటమ్ అంటే మీకేం తెలుస్తుంది? ఏమీ తెలీదు. ద్రవ్యవేగం అనండి, ద్రవ్యరాశి ఇంటూ వేగం, ఫార్ములా పేరులోనే ఉంది! అదే జడత్వ భ్రామకం, పురస్సరణం అంటే... అవి ఎవరి ఇంటి భాషా కాదు. బొంగరం తల తిప్పుకుంటూ తిరగడం పురస్సరణమని చెప్తే బొంగరం తిప్పిన పిల్లాడే భయపడతాడు.

ఇక 'పని'. నెత్తిన బియ్యం మూట పెట్టుకుని గంటసేపు కదలకుండా నిల్చుంటే, ఆ మూట మీద మీరు చేసిన పని సున్నా అంటుంది ఫిజిక్స్. తెలుగులో వింటే ఎవరైనా "అదెట్లా, మెడ విరిగిపోతోంది కదా!" అని తిరగబడతారు. ఆ ప్రశ్నే అసలు చదువు. మూట కదల్లేదు కాబట్టి దానికి శక్తి చేరలేదు, లోపల కండరాలు మాత్రం శక్తి ఖర్చు చేస్తూనే ఉన్నాయి అనే జవాబు ఆ గొడవలోంచే వస్తుంది. మా క్లాసులో ఈ గొడవ జరగనే లేదు. వర్క్ ఈక్వల్స్ ఫోర్స్ ఇంటూ డిస్‌ప్లేస్‌మెంట్ అని రాసుకున్నాం, మార్కులు వచ్చేశాయి.

అయితే తెలుగులో బీఎస్సీ చేసినవాళ్లకీ సుఖం లేదు. ఎమ్మెస్సీకి వెళ్తే ఇంగ్లీషు, చేతిలో గోల్డ్‌స్టీన్ పుస్తకం. తెలిసిన మెకానిక్స్‌నే మళ్లీ కొత్త పేర్లతో మొదలుపెట్టాలి. ఆ వంతెన ఎవరూ కట్టలేదు. పుస్తకం పక్కనే రెండు భాషల మాటలూ ఇచ్చి, లెక్కలు రెండింట్లోనూ చేయిస్తే చాలావరకు సరిపోయేదని నా అభిప్రాయం.

2021లో ఏఐసీటీఈ తెలుగులోనూ బీటెక్ చెప్పొచ్చని అనుమతి ఇచ్చింది. మా ఊరి కాలేజీ బస్సుల్లో ఎవరినైనా అడగండి, "ఉద్యోగం ఇంగ్లీషులోనే కదన్నా" అంటారు. వాళ్ల మాటా నిజమే. కానీ బస్సు బ్రేక్ వేస్తే ముందుకు ఎందుకు తూలుతామో వాళ్లు ఒకరికొకరు తెలుగులోనే చెప్పుకుంటారు.

వచ్చే ఎపిసోడ్‌లో కేంద్రీయ బలాలు, గ్రహాల లెక్కలు. ఉంటాను మరి.