బందరు కోట: వర్తకులు విడిచిన గురుతులు

బందరు కోటను చూడవచ్చువారు ఎత్తైన బురుజులను ఆశించి రాకూడదు. మచిలీపట్టణమునకు సుమారు రెండు మైళ్ల దూరమున, ఉప్పునేలల నడుమ, పాడుబడిన కట్టడములు మాత్రమే మిగిలియున్నవి. అయినను మన తీరపు చరిత్రలో ఒక పెద్ద భాగము ఇక్కడనే జరిగినది.

గోల్కొండ సుల్తానుల కాలమున వారి రాజ్యమునకు ఇది ముఖ్యమైన ఓడరేవు. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తకస్థానములు నెలకొల్పిరి. మన పూర్వులు డచ్చివారిని వలందావారనియు, ఫ్రెంచివారిని పరాసులనియు పిలిచిరి. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అను పేటలు నేటికిని పట్టణములో ఉన్నవి.

ఇంత దూరము వారిని రప్పించినది మన నూలుబట్ట. చిరివేరుతో ఎరుపు, ఇనుము బెల్లములతో నలుపు అద్దిన కలంకారీ బట్టలు పర్షియా దేశమునకు పోయెను. డచ్చివారు మన బట్టలను తూర్పు దీవులకు కొనిపోయి, వాటికి మారుగా లవంగములు, జాజికాయలు తెచ్చుకొనిరి. నేతగానికి ముందుగా బయానా ఇచ్చెడివారు. ఆ సొమ్ము అతనికి నూలు కొనుటకు ఆధారము. అదే అతనిని వర్తకునికి కట్టివేసిన త్రాడు.

తక్కెడ పట్టినవారు క్రమముగా కత్తి పట్టిరి. 1750లో ఫ్రెంచివారి వశమైన ఈ కోటను 1759 ఏప్రిల్ నెలలో కల్నల్ ఫోర్డు రాత్రివేళ ముట్టడించి పట్టుకొనెను. పిమ్మట నిజాము సలాబత్ జంగు ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చెను. సరకు కొన వచ్చినవారు పన్ను వసూలుచేయు దొరలైరి.

అయితే కోటగోడలు సముద్రమును ఆపలేకపోయెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన పట్టణముమీద పడి దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకొనెను. మరుసటి సంవత్సరము సైన్యమును ఇక్కడినుండి తీసివేసిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన మనకు ఆ రాత్రి ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

బందరులోని డచ్చి సమాధుల యొద్ద మేము చాలసేపు నిలిచితిమి. పెద్ద రాతిపలకలపై ఉబ్బెత్తు అక్షరములు, వంశచిహ్నములు నేటికిని కనబడుచున్నవి. దూరదేశమున మరణించినవారికి వారి స్వజనులు పేరు మిగిల్చిరి. అది మంచి పనియే. కాని బట్ట నేసినవాడు, రంగు అద్దినవాడు, పడవలో మూట మోసినవాడు, ఉప్పెనలో కొట్టుకొనిపోయిన తల్లి, బిడ్డ — వీరి పేర్లు ఏ రాతిపైనను లేవు.

శతవత్సరోత్సవమున మనము బిషప్పుల పేర్లు, గురువుల పేర్లు వరుసగా అచ్చువేయుచున్నాము. మన ఆలయములకు సున్నము, రాళ్లు మోసినవారి పేర్లు ఎరిగిన వృద్ధులు ప్రతి సంఘములోను కొందరైనను ఉందురు. వారియొద్ద కూర్చుండి ఆ పేర్లను వ్రాసికొనుడి. ఆలస్యము చేసినచో చెప్పువారుండరు.